పలు చేతుల గణనయంత్రములు

నేడు సామాన్య గృహస్థుని చేతిలోని టెలిఫోనులో సైతము ఒక్క ప్రాసెసరు కాక, నాలుగో ఎనిమిదో కలసి పనిచేయుచున్నవి. ప్రాసెసరు అనగా కంప్యూటరులో లెక్కలు చేయు భాగము. ఒక్కటి చేయు పనిని ఎనిమిది పంచుకొన్నచో ఎనిమిదవ వంతు కాలములో ముగియవలెను గదా యని ఎవరికైనను తోచును. కాని అట్లు జరుగుట అరుదు. పెండ్లివంటకు పదిమంది వంటవారిని పిలిచినంత మాత్రమున పదవ వంతు కాలములో వంట కాదు. కూరలు తరుగువారెవరు, పొయ్యి చూచువారెవరు, ఒకరు ఉప్పు వేసిన సంగతి మరియొకరికి తెలియుట యెట్లు అను చిక్కులు వచ్చును. కంప్యూటరులకును ఇదే చిక్కు.

దీనిని విప్పుటకు శాస్త్రజ్ఞులు అనేక మార్గములు త్రొక్కిరి. అందొక వర్గమువారు, చిక్కు యంత్రములో లేదు, మనము యంత్రమునకు పని చెప్పు భాషలో ఉన్నది, భాషను మార్చినచో పని తనంతట తానే పంచబడును అని నమ్మిరి. ఆ నమ్మకము ఎట్లు పుట్టినది, ఎట్టి పరీక్షలకు గురియైనది, అందు నిలిచినదెంత, నిలువనిదెంత అను కథను ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

మొదట పాత పద్ధతి యెట్టిదో చూతము. 1945లో జాన్ ఫాన్ నాయ్‌మన్ 'ఎడ్వాక్' అను యంత్రమును గూర్చి ఒక నివేదిక వ్రాసెను. ఆదేశములును అంకెలును ఒకే మెమరీలో ఉండవలెననియు, ప్రాసెసరు ఆదేశములను ఒకదాని వెంట ఒకటి తెచ్చుకొని అమలు జరుపవలెననియు అందలి ముఖ్యభావము. తరువాత వచ్చిన కంప్యూటరులలో అత్యధిక భాగము ఈ పద్ధతినే అనుసరించినవి. ప్రోగ్రాములు వ్రాయు భాషలును దీనికి తగినట్లే రూపొందినవి. మెమరీలోని గడికి ఒక పేరు పెట్టుట, అందలి అంకెను చదువుట, దానిని చెరిపి వేరొకటి వ్రాయుట, మరల చదువుట, ఇదియే ఆ భాషల నడక. ఇందు ముందు వెనుకల క్రమమే ప్రాణము. ఒక వాక్యము తారుమారైనచో ఫలితము తారుమారగును.

ఒక్క ప్రాసెసరు ఉన్నంతకాలము దీనివలన బాధ లేదు. రెండవది చేరినపుడు వచ్చు బాధను ఒక దుకాణపు ఉదాహరణముతో చెప్పవచ్చును. ఒకే ఖాతాపుస్తకము, ఇద్దరు గుమాస్తాలు. నిలువ 500 రూపాయలు. ఇరువురును ఒకే క్షణమున ఆ అంకెను చూచిరి. ఒకడు తనకు వచ్చిన 100 కలిపి 600 అని వ్రాసెను. రెండవవాడు తాను చూచిన 500కు 200 కలిపి, మొదటివాని అంకెను చెరిపి, 700 అని వ్రాసెను. ఉండవలసినది 800. ఇరువురిలో ఎవరి కూడికయు తప్పు కాదు. ఐనను పుస్తకము తప్పినది.

పుస్తకమును ఒకరు విడిచిన తరువాతనే మరియొకరు తీసికొనునట్లు కట్టడి చేయవచ్చును. కంప్యూటరు పరిభాషలో దీనిని తాళము వేయుట యందురు. కాని అప్పుడు రెండవ గుమాస్తా చేతులు ముడుచుకొని నిలువవలెను. ఇరువురిని పెట్టుకొన్న ప్రయోజనము పోవును. తాళము వేయుట మరచినచో ఆ తప్పు ప్రతిదినము బయటపడదు. ఏ వేయి పర్యాయములలోనో ఒక్కమారు, ఇద్దరి చేతులును ఒకే క్షణమున కలసినపుడు మాత్రమే పడును. పరీక్షించునపుడు దాగియుండి, పని జరుగునపుడు పుట్టు తప్పును పట్టుట ఎంత కష్టమో ప్రోగ్రాములు వ్రాయువారికి అనుభవవేద్యము.

ఇక రెండవ మార్గము. గణితములో ప్రమేయము అను మాట పాఠశాలలోనే విందుము. ఒక విలువ నిచ్చినచో మరియొక విలువ నిచ్చు నియమమే ప్రమేయము. 5 యొక్క వర్గము 25. అది నిన్నయు 25, నేడును 25. ఎవరు కట్టినను 25. ఈ ప్రమేయములతోనే ప్రోగ్రామును సమస్తమును వ్రాయు భాషలను ప్రమేయ భాషలందుము. ఇందు ఒక పేరునకు ఒకసారి కట్టిన విలువ మారదు. పాత అంకెను చెరుపుట లేదు. క్రొత్త అంకెకు క్రొత్త పేరు పెట్టుటయే.

ఈ భావమునకు మూలము కంప్యూటరులకంటె ప్రాచీనమైనది. అమెరికా గణితశాస్త్రజ్ఞుడు అలోంజో చర్చ్ 1930 తరువాతి సంవత్సరములలో 'లాంబ్డా కలనము' అను ప్రమేయ గణితమును నిర్మించెను. 1936లో ఆయనయు, రోసర్ అను శిష్యుడును కలసి ఒక సిద్ధాంతమును నిరూపించిరి. లెక్కలోని భాగములను ఏ క్రమమున తేల్చినను, చివరి ఫలితమునకు చేరినచో ఆ ఫలితము ఒక్కటే యని దాని తాత్పర్యము. 3, 4 కూడి, 10 నుండి 2 తీసివేసి, వచ్చిన రెంటిని గుణింపుమన్నచో, కూడికను ముందు చేసినను, తీసివేతను ముందు చేసినను 56 వచ్చును. ఇద్దరు విద్యార్థులు చెరియొక పలకమీద ఒకే కాలమున చేసినను 56 వచ్చును. ఒకరి పలకను మరియొకరు తాకరు గనుక తాళములతో పని లేదు. ఎలక్ట్రానిక్ కంప్యూటరు ఇంకను పుట్టని కాలమున నిరూపింపబడిన ఈ సిద్ధాంతమే, అర్ధశతాబ్ది తరువాత పలు ప్రాసెసరుల యంత్రములకు ఆశాకిరణమైనది.

1958లో జాన్ మెకార్తీ రూపకల్పన చేసిన 'లిస్ప్' భాష ఈ మార్గమున తొలి అడుగు. కాని లోకముయొక్క దృష్టిని ఇటు త్రిప్పినవాడు జాన్ బాకస్. 1957లో 'ఫోర్ట్రాన్' భాషను వెలువరించిన బృందమునకు నాయకుడాయనయే. పాత పద్ధతి భాషలలో అది పెద్దబిడ్డ. అట్టివాడు 1977లో ట్యూరింగ్ పురస్కారమును స్వీకరించుచు చేసిన ప్రసంగములో ఆ పద్ధతినే విమర్శించెను. మెమరీకిని ప్రాసెసరుకును నడుమ ఒక్కొక్క అంకెయే పోవు ఇరుకు దారి యున్నదనియు, మన భాషలు ఆ ఇరుకును మన ఆలోచనలలోనికి సైతము తెచ్చినవనియు, దానినుండి విముక్తి పొందుటకు ప్రమేయముల మార్గము పట్టవలెననియు ఆయన వాదించెను. 1978లో ముద్రితమైన ఆ ప్రసంగము అనేక విశ్వవిద్యాలయములలో యువకులను కదలించినది.

అప్పటికే వేరొక శాఖ ఆరంభమైయున్నది. మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో జాక్ డెనిస్ అను ఆచార్యుడు, ఆదేశముల వరుసను పూర్తిగా విడిచిపెట్టిన యంత్రమును ఊహించెను. ఒక లెక్కకు కావలసిన అంకెలు ఎప్పుడు చేరునో అప్పుడే ఆ లెక్క జరుగును. వరుసతో నిమిత్తము లేదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున జాన్ గర్డ్, ఇయాన్ వాట్సన్ ప్రభృతులు ఇట్టి యంత్రమును నిర్మింపగా అది 1981లో పనిచేయ నారంభించినది. డెనిస్ ఉన్న విద్యాసంస్థలోనే ఈ శాఖను పెంచిన ప్రముఖుడు మన దేశీయుడు, అరవింద్. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, 1978లో ఆ సంస్థలో చేరి, 2024లో మరణించువరకు అచటనే ఆచార్యుడుగా నుండెను. ఆయన బృందము 'ఐడీ' అను ప్రమేయ భాషను రూపొందించి, 1990 ప్రాంతమున మోటరోలా సంస్థతో కలసి 'మాన్సూన్', అనగా ఋతుపవనము, అను పేరుగల యంత్రమును నిర్మించినది.

ఈ యంత్రములు మొదట నేర్పిన పాఠము విచిత్రమైనది. ఒకే కాలమున చేయదగిన పనులు దొరకునా దొరకవా యని అందరును భయపడిరి. దొరికినవి, మితిమీరి దొరికినవి. వేయిసార్లు తిరుగు ఒక ఆవృత్తిని యంత్రమునకు ఇచ్చినచో, ఆ వేయి ఆవృత్తులును ఒకేసారి విప్పుకొని, సగము సగము ముగిసిన లెక్కలతో మెమరీని నింపివేసెడివి. మెమరీ నిండినచో ఏ లెక్కయు ముందునకు సాగదు. కావున మాంచెస్టరువారు పని ప్రవాహమునకు అడ్డుకట్టవంటి సాధనమును కల్పింపవలసి వచ్చెను. అరవింద్, ఆయన శిష్యుడు డేవిడ్ కల్లర్ కలసి, ఒకేసారి విప్పుకొను ఆవృత్తులకు ఒక హద్దు నేర్పరచు పద్ధతిని కనిపెట్టిరి. పనిని వెదకుటకై పుట్టిన యంత్రములు పనిని అదుపులో పెట్టుట నేర్చుకొన్నవి.

మరియొక శాఖవారు లెక్కను ఒక చిత్రముగా భావించిరి. కూడికలు, గుణకారములు కొమ్మలుగా, అంకెలు ఆకులుగా నున్న చెట్టువంటి చిత్రమది. ఒక కొమ్మను లెక్కించినపుడు ఆ కొమ్మ స్థానమున దాని ఫలితమును వ్రాయుదురు. అదే కొమ్మను రెండు చోట్ల వాడియున్నచో, ఒకసారి లెక్కించిన చాలును. ఫలితము ఇరువురికిని అందును. అవసరము వచ్చువరకు ఏ కొమ్మను ముట్టరు. 1971లో ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ వాడ్స్‌వర్త్ ఈ పద్ధతిని ప్రతిపాదింపగా, 1979లో డేవిడ్ టర్నర్ దీనిని సామాన్య యంత్రములపై సులభముగా నడుపు ఉపాయము చూపెను. చిత్రములో వేరు వేరు కొమ్మలను వేరు వేరు ప్రాసెసరులు పట్టుకొన్నచో సమాంతర గణనము సిద్ధించును గదా! 1981లో లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన డార్లింగ్టన్, రీవ్ అనువారు 'ఆలిస్' అను అట్టి బహుళ ప్రాసెసరు యంత్రమును ప్రతిపాదించిరి.

1982లో జపాను ప్రభుత్వము 'ఐదవ తరము కంప్యూటరుల' ప్రణాళికను ఆరంభించెను. వారు ఎంచుకొన్నవి తర్క భాషలు. ప్రమేయ భాషలు కావు. ఐనను ఆ వార్త పాశ్చాత్య ప్రభుత్వములను మేల్కొలిపినది. 1983లో బ్రిటను 'ఆల్వీ' ప్రణాళికను ప్రకటించెను; ప్రమేయ యంత్రముల పరిశోధనకు ధనము లభించెను. ఆ కాలమున లండను యూనివర్సిటీ కాలేజిలో సైమన్ పేటన్ జోన్స్, ఆయన సహచరులు నిర్మించిన 'గ్రిప్' అను యంత్రమును 1987లో వివరించిరి. అందు 20 ఫలకములు, ఒక్కొక్క ఫలకముపై మోటరోలా 68020 జాతి ప్రాసెసరులు నాలుగు, వెరసి 80 ప్రాసెసరులకు అవకాశము కలదు. మెమరీ సైతము అందు జడముగా నుండక, చిన్న చిన్న పనులను స్వయముగా చేయగలిగియుండెను.

ఇచట అసలు చిక్కు ఎదురైనది. దానిని అంకెలతోనే చెప్పుట మేలు. ఈ పరిశోధకులు తమ యంత్రములను పరీక్షించుటకు 'ఎన్‌ఫిబ్' అను చిన్న ప్రమేయమును విరివిగా వాడిరి. ఒక సంఖ్య నిచ్చినచో అది తనకంటె ఒకటి తక్కువైన సంఖ్యకును, రెండు తక్కువైన సంఖ్యకును తననే తాను పిలుచుకొని, ఆ రెండు ఫలితములకు ఒకటి కలుపును. 1గాని 0గాని వచ్చినపుడు ఆగును. ఆ రెండు పిలుపులును స్వతంత్రములు గనుక వేరు వేరు ప్రాసెసరులకు ఈయవచ్చును. 30తో ఆరంభించినచో మొత్తము పిలుపులు 26,92,537. ఒక్కొక్కదానిలో జరుగునది ఒక పోలిక, రెండు తీసివేతలు, రెండు కూడికలు మాత్రమే. కాని ఒక పనిని కట్టగట్టి, మరియొక ప్రాసెసరునకు అప్పగించి, ఫలితమును తిరిగి తెచ్చుకొనుటకు అంతకు ఎన్నో రెట్లు శ్రమ పట్టును. పిలుపునకొక పనిగా పంచినచో, పంచుటకే కాలమంతయు వ్యయమై, ఒక్క ప్రాసెసరుకంటె ఎనుబది ప్రాసెసరులే వెనుకబడవచ్చును. చెంబెడు నీటికి బండి కట్టినట్లగును.

దీనికి మందు కలదు. 20కి లోబడిన సంఖ్య వచ్చినపుడు ఇక పంచక, పట్టుకొన్న ప్రాసెసరే ఆసాంతము లెక్కింపవలెనని నియమించినచో, పై లెక్కలో పెద్ద పనులు 233 మాత్రమే మిగులును. అందు 144 పనులలో ఒక్కొక్కటి 13,529 పిలుపులది. 89 పనులలో ఒక్కొక్కటి 8,361 పిలుపులది. ఇవి పంచుకొనుటకు తగిన పరిమాణములు. కాని ఆ 20 అను అంకెను చెప్పినదెవరు? భాష చెప్పలేదు, యంత్రము చెప్పలేదు; లెక్క స్వభావమెరిగిన మనిషి చెప్పెను. ఎన్‌ఫిబ్ వంటి బొమ్మలెక్కకు ఇది సులభము. వేయి ప్రమేయములు గల నిజమైన ప్రోగ్రాములో ఏది పెద్దపని, ఏది చిన్నపని యని ముందుగా తెలిసికొనుట కంపైలరుకు, అనగా ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు, శక్యము కాలేదు. పని తనంతట తానే పంచబడునన్న తొలి ఆశ ఇచట గట్టి దెబ్బ తిన్నది.

ఐనను ఆ దెబ్బనుండియే ఒక మంచి ఉపాయము పుట్టినది. పని పంచవలసినది ఎవరు? చేతినిండ పనియున్నవాడు పంచవలెనని మొదట అనుకొనిరి. కాని వానికి తీరిక ఏది? ఖాళీగా నున్నవాడే వచ్చి అడిగి తీసికొన్నచో, పంచు శ్రమ ఖాళీగా నున్నవానిమీద పడును. వాని కాలము ఎటులను వ్యర్థమగుచున్నదే. 1981లోనే వారెన్ బర్టన్, రోనన్ స్లీప్ అనువారు ప్రమేయ ప్రోగ్రాములకు ఇట్టి పద్ధతిని సూచించిరి. 1985లో రాబర్ట్ హాల్‌స్టెడ్ 'మల్టీలిస్ప్' అను భాషను ప్రకటించెను. అందు ఒక ఫలితము ఇంకను రాకముందే దాని బదులుగా ఒక హామీపత్రమును చేతికిచ్చి, నిజముగా అవసరమైనపుడు మాత్రమే ఆగి యుండు ఏర్పాటు కలదు. 1990లో ఆయన, సహచరులతో కలసి, ఎవరైనను ఖాళీగా వచ్చి అడుగువరకు పనిని అసలు విడదీయకుండు పద్ధతిని చూపెను. గ్రిప్ యంత్రములోను ఇటువంటి వివేకమే కలదు. ఈ భాగమును వేరొకరు చేయవచ్చును అని ప్రోగ్రాము ఒక నిప్పురవ్వను విడుచును. అది ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే. ఎవరును దానిని అందుకొననిచో విడిచినవాడే తరువాత ఆ పని చేసికొనును, నష్టము లేదు.

ఖాళీగా నున్నవాడు ఇతరుల పని తెచ్చుకొను ఈ పద్ధతికి 'పని దొంగిలించుట' అను చమత్కారమైన పేరు స్థిరపడినది. 1994లో బ్లూమోఫ్, లైజర్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ దొంగతనము వలన కాలమును మెమరీయును ఎంతవరకు హద్దులో నుండునో గణితముచే నిరూపించిరి. ఇది నేడు ప్రమేయ భాషలలోనే కాక, పాత పద్ధతి భాషలలోను విరివిగా వాడుకలో నున్నది.

ఇంతలో ప్రత్యేక యంత్రముల కాలము ముగియుచుండెను. 1989లో స్వీడను దేశమున గోటెబొర్గ్ నగరమందలి చాల్మర్స్ విద్యాసంస్థకు చెందిన ఆగుస్ట్‌సన్, జాన్సన్ అనువారు, అంగడిలో దొరకు సీక్వెంట్ అను బహుళ ప్రాసెసరు కంప్యూటరుపైననే ఒక ప్రమేయ భాషను సమర్థముగా నడిపి చూపిరి. రహస్యమంతయు మంచి కంపైలరులో నున్నది, వింత యంత్రములో లేదు అని తేలినది. 1984లో వచ్చిన 68020 ప్రాసెసరు గడియారము సెకనుకు సుమారు 1 కోటి 60 లక్షల స్పందనములు చేసెడిది. 2004 చివరకు ఇంటెల్ వారి పెంటియమ్ 4 సెకనుకు 380 కోట్ల స్పందనములకు చేరెను. అయిదారేండ్లు శ్రమించి ప్రత్యేక యంత్రమును నిర్మించులోపల, అంగడిలోని ఒంటరి ప్రాసెసరే దానిని మించిపోయెడిది. జీన్ ఆండాల్ 1967లో చెప్పిన హెచ్చరికయు ఉండనే యున్నది: పనిలో పదవ వంతు తప్పనిసరిగా ఒక్కరే చేయవలసినదైనచో, 80 ప్రాసెసరులు పెట్టినను వేగము సుమారు 9 రెట్లకే పెరుగును, ఎన్ని పెట్టినను 10 రెట్లు దాటదు. ఎవరికిని శ్రమ లేకుండ ప్రతి సంవత్సరము వేగము పెరుగుచుండగా, ఈ తంటా లెందుకని అనేకులు విరమించుకొనిరి.

కొందరు విరమింపలేదు. 1987లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కూడి, చెల్లాచెదరుగా నున్న ప్రమేయ భాషలకు బదులు ఒక ఉమ్మడి భాష యుండవలెనని నిశ్చయించిరి. 1990లో వెలువడిన ఆ భాషయే 'హాస్కెల్'. గ్లాస్గోలో దానికి కంపైలరు సిద్ధమైనది. 1996లో అదే బృందము ప్రాసెసరుల నడుమ సందేశములు పంపుచు పని నడుపు 'గమ్' అను ఏర్పాటును ప్రకటించెను. 1998లో ఫిల్ ట్రిండర్ ప్రభృతులు, ఏమి లెక్కింపవలెను అనుదానిని ఒకచోట, దానిని ఎట్లు పంచవలెను అనుదానిని వేరొకచోట వ్రాయు విధానమును చూపిరి. పంపకమును మార్చినను ఫలితము మారదు గనుక, ప్రోగ్రాము వ్రాయువాడు నిర్భయముగా పలువిధముల ప్రయత్నింపవచ్చును. తొలి ఆశ సన్నగిల్లిన తరువాత మిగిలిన గట్టి గింజ యిదియే.

2004 ప్రాంతమున కథ మలుపు తిరిగినది. ప్రాసెసరుల గడియారములు వేడిమి కారణముగా ముందునకు సాగలేదు. సెకనుకు 400 కోట్ల స్పందనములకు చేరవలసిన పెంటియమ్‌ను ఇంటెల్ అదే సంవత్సరము విరమించుకొనెను. 2005 నుండి ఇండ్లలోని సామాన్య కంప్యూటరులలోను ఒకే బిళ్ళపై రెండేసి ప్రాసెసరులు రాసాగినవి. తమకు అక్కరలేదనుకొన్న విద్య అందరికిని అవసరమైనది.

ఆ సంవత్సరమే టిమ్ హారిస్, సైమన్ మార్లో, పేటన్ జోన్స్ హాస్కెల్‌ను ఉమ్మడి మెమరీగల బహుళ ప్రాసెసరు కంప్యూటరులపై నడుపు విధమును ప్రకటించిరి. అందొక అంశము ఈ కథకంతకును సారమువంటిది. చిత్రములోని ఒక కొమ్మను ఇద్దరు ప్రాసెసరులు ఒకేసారి పట్టుకొన్నచో ఏమి చేయవలెను? ప్రతి కొమ్మకును తాళము వేసినచో క్షేమము. కాని కొమ్మలు కోట్లకొలది యుండును, ప్రతిదానికిని తాళము తీయుటకు, వేయుటకు పట్టు కాలము భరింపరానిది. వారు తాళమును విడిచిరి. ఇద్దరును లెక్కింతురు గాక. ఇద్దరికిని వచ్చునది ఒకే విలువ. ఒకరు వ్రాసినదానిపై మరియొకరు వ్రాసినను ఫలితము చెడదు. కొంత శ్రమ మాత్రము వ్యర్థమగును. ఆ వ్యర్థత పెరుగకుండ నడుమ నడుమ తనిఖీ చేసి, రెండవవానిని ఆపుదురు. మన దుకాణపు గుమాస్తాల కష్టమును తలచుకొనుడు. ఇచట ఇద్దరును ఒకే గడిలో వ్రాయుచున్నారు, తాళము లేదు, ఐనను పుస్తకము తప్పదు. 1936 నాటి సిద్ధాంతము ఇచట కాలమును మిగిల్చినది.

2009లో అదే బృందము మరల పరిశీలించి, నిప్పురవ్వలను పనిగలవాడు పంచుట మాని ఖాళీగా నున్నవాడు దొంగిలించు పద్ధతికి మార్చెను. మెమరీ విషయమునను ఒక పాఠము తెలిసినది. ప్రమేయ భాషలు పాత విలువను చెరుపవు గనుక క్రొత్త విలువలు పుట్టుచునే యుండును. పనికిరాని పాతవానిని అప్పుడప్పుడు ఊడ్చివేయవలెను. ఆ ఊడ్పు వేళ ప్రాసెసరులన్నియు పని ఆపవలెను. ఊడ్పు పనిని అందరికిని సమానముగా పంచుటకంటె, ఎవరు వాడుచున్న విలువలను వారే సర్దుకొనుట కొన్ని ప్రోగ్రాములకు లాభకరమని తేలినది. ప్రాసెసరు తన చెంతనున్న వస్తువును త్వరగా అందుకొనును. పొరుగువాని చెంత నున్నదానికి ఆలస్యమగును. సమానమైన పంపకమే ఉత్తమమైన పంపకము కానక్కరలేదు.

ఈ భావములు హాస్కెల్‌కే పరిమితము కాలేదు. స్వీడను టెలిఫోను సంస్థ ఎరిక్‌సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభృతులు 1986 నుండి పెంచిన 'ఎర్లాంగ్' భాషలో పనివారు ఒకరి మెమరీని ఒకరు తాకక, సందేశములతోనే మాటలాడుకొందురు. 2006లో అది బహుళ ప్రాసెసరులకు అనువుగా వెలువడినపుడు, టెలిఫోను ఎక్స్‌ఛేంజీల కొరకు మునుపు వ్రాసిన ప్రోగ్రాములు చాలవరకు అట్లే పనిచేయగలిగినవి. 2004లో గూగుల్ సంస్థకు చెందిన డీన్, ఘేమావత్ వేలకొలది కంప్యూటరులపై పెద్ద లెక్కలు నడుపు తమ విధానమును ప్రకటించుచు, దానికి ప్రేరణ లిస్ప్ భాషలోని రెండు ప్రాచీన ప్రమేయములని చెప్పిరి. ఫ్రాన్సు దేశమున పుట్టిన 'ఓకామల్' భాష చిరకాలము ఒక్క ప్రాసెసరునే వాడుకొనుచుండెను. పాత ప్రోగ్రాములు మందగింపకుండ దానికి పలు చేతులు తొడుగుటకు అనేక సంవత్సరములు పట్టినది. 2022 డిసెంబరులో వెలువడిన 5.0 సంచికలో ఆ కార్యము నెరవేరినది. ఆ కృషిలో ముఖ్యుడు మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన కె.సి. శివరామకృష్ణన్.

ఇక మొదటి నమ్మకము విషయమున తీర్పు ఏమి? భాషను మార్చినంతనే పని తనంతట తానే పంచబడునన్నది నెరవేరలేదు. ఎంత పనిని ఒక ముద్దగా ఈయవలెను, ఎవరి చెంత ఉంచవలెను, ఎప్పుడు ఆపవలెను అను వివేచన కొంత మనిషిమీదను, కొంత అడుగున నడుపు ఏర్పాటుమీదను నేటికిని ఆధారపడియే యున్నది. కాని అంతకంటె చిన్నదిగా కనబడు వేరొక వాగ్దానము పూర్తిగా నిలిచినది. శుద్ధమైన ప్రమేయములతో వ్రాసిన లెక్క ఒక్క ప్రాసెసరుపై ఏ జవాబు నిచ్చునో ఎనుబదిపైనను అదే జవాబు నిచ్చును. నేడు ఇచ్చినదే రేపును ఇచ్చును.

ఆ చిన్న వాగ్దానము విలువ ఎంతటిదో గృహస్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. బ్యాంకులోని మన నిలువ, రైలు టిక్కెట్టులోని మన స్థానము, ఆసుపత్రిలోని మన రక్తపరీక్ష నేడు అనేక ప్రాసెసరుల చేతులమీదుగా వచ్చుచున్నవి. జవాబు క్షణము ఆలస్యమైనను సహింతుము. ఎన్ని చేతులు కలసినవన్న దానినిబట్టి జవాబే మారునట్లైనచో సహింపజాలము. యంత్రములు పెరిగినను, వేగములు మారినను, పలు చేతులు కలసి వ్రాసిన లెక్క ఒక్క చేయి వ్రాసినట్లే యుండవలెనన్న కోరికకు ఈ శాస్త్రజ్ఞులు చేసిన సేవ అది.